ఖాళీ ఇంట్లో మీ పని ఎవరు చేస్తారు?

ఉద్యోగ విరమణ తర్వాత ఏడాదిని రెండు ముక్కలు చేసుకుని బతికే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. కార్తీకం వెళ్లేసరికి సొంతూరు చేరతారు. ధనుర్మాసం, భోగి, సంక్రాంతి, కనుమ అక్కడే. రథసప్తమి నాడు చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టి, శివరాత్రి దాటాక ఎండ ముదరకముందే హైదరాబాదుకో బెంగళూరుకో, పిల్లలు సముద్రాలు దాటి ఉంటే డల్లాస్‌కో ప్రయాణం కడతారు. ఇల్లు మళ్లీ తెరుచుకునేది వచ్చే చలికాలానికే. అంటే ఆ ఇంట్లో మనిషి ఉండేది మూడు నాలుగు నెలలు, తాళం ఉండేది ఎనిమిది నెలల పైమాట. వేసవి ఈదురుగాలులు, పిడుగులు, నైరుతి వానలు, తుపాన్లు అన్నీ ఆ ఎనిమిది నెలల్లోనే వస్తాయి. ఇల్లు పడే కష్టమంతా మనం లేనప్పుడే. అయినా బయల్దేరే ముందు మనం చేసే పనులేమిటో చూడండి. గిన్నెలు తోమి బోర్లిస్తాం. పరుపులు చుట్టి పెడతాం. ఇల్లంతా కడిగి, ఆ తడి ఆరకముందే కిటికీలు బిగించి, తాళాన్ని రెండుసార్లు లాగి చూసి కారెక్కుతాం. ఇందులో సగం మన తృప్తి కోసం. తడి నేల మీద తలుపులు మూయడమైతే ఇంటికి చేటు కూడా.

మనిషి మసలని ఇల్లు పాడుబడుతుందని పెద్దలు అంటారు. దాన్ని శకునం మాటలా, సెంటిమెంటులా వినడం మనకు అలవాటు. నిజానికి అది పచ్చి లెక్క. మనుషులున్న ఇంటికి రోజూ తెలియకుండానే మరమ్మతు జరుగుతూ ఉంటుంది. పొద్దున్నే ఊడుస్తుంటే గోడ మూల చెదపుట్ట మట్టి కనిపిస్తుంది, చీపురుతో రాల్చేస్తారు. స్నానానికి నీళ్లు పోస్తే బాత్రూం గొట్టంలో ఎండిపోబోయే నీరు మళ్లీ నిండుతుంది. కిటికీ తీస్తే చెమ్మ పోతుంది. బియ్యం డబ్బా తీసినప్పుడల్లా పురుగు సంగతి తెలుస్తుంది. వంటింట్లో అలికిడికి ఎలుక కాపురం పెట్టడానికి జంకుతుంది. ఇవేవీ మనం మరమ్మతుగా లెక్కపెట్టం. మనం వెళ్లిపోతే ఆగిపోయేవి సరిగ్గా ఇవే. కాబట్టి వెళ్లే ముందు వేసుకోవలసిన ప్రశ్న ‘ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలి?’ అనేది కాదు. ‘నేను రోజూ చేస్తున్న ఫలానా పని రేపటి నుంచి ఎవరు చేస్తారు? ఎవరూ చేయకపోతే ఏమవుతుంది?’ అనేది. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

కప్పుతో మొదలుపెడదాం, ఎందుకంటే ఖాళీ ఇళ్లను ఎక్కువగా తినేది నీరే. బెంగుళూరు పెంకుల ఇంటి మీద గాలికో, కోతుల గంతులకో ఒక పెంకు బెత్తెడు జారిందనుకోండి. మనుషులుంటే మొదటి వానకు చుక్క పడుతుంది, ఎవరో ఒకరు కింద గిన్నె పెడతారు, తెల్లారాక నిచ్చెన వేసి పెంకు సర్దుతారు. నష్టం ఒక రాత్రి నిద్ర. అదే పెంకు ఖాళీ ఇంటి మీద జారితే లెక్క వేరు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తెలంగాణలో సగటున 700 మిల్లీమీటర్లకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. జారిన పెంకుకు ఎగువన ఉన్న వాలులో ఒక్క చదరపు మీటరు నీరు ఆ సందులోకి దిగినా, నాలుగు నెలల్లో 500 నుంచి 700 లీటర్లు ఒకే వాసం మీద, ఒకే గోడ మీద పడతాయి. వాసం తడిసి, ఆరి, మళ్లీ తడిసి చివికిపోతుంది. తడి కొయ్య చెదలను పిలుస్తుంది. మట్టిగోడైతే కింది నుంచి ఉబ్బి కూలడానికి అంత నీరు కూడా అక్కర్లేదు. అర్ధగంటలో ముగిసే పని ఎనిమిది నెలలు చూసేవాడు లేక కప్పు మార్చే పనిగా పెరుగుతుంది. వానలు జూన్‌లో కదా, ఈలోగా ఎవరో ఒకరు వెళ్లి చూస్తారులే అనే ధీమా కోస్తాలో పనికిరాదు. 1990 మేలో వచ్చిన పెనుతుపాను, 2010 మేలో బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా, 2022 మేలో మచిలీపట్నం దగ్గరికి వచ్చిన అసని నైరుతి కోసం ఆగలేదు. లోపలి జిల్లాల్లోనూ మామిడికాయల కాలంలో వచ్చే గాలివాన పెంకులు లేపడానికి ఒక్క సాయంత్రం చాలు.

అందుకని పెంకుటిల్లయితే బయల్దేరే ముందు పైకి మనిషిని ఎక్కించి, పగిలిన పెంకులు మార్పించి, జారినవి సర్దించి, కొప్పు దగ్గర పూత ఊడిన చోట కొత్త పూత పెట్టించాలి. పది పదిహేను పెంకులు అదనంగా పెరట్లో పేర్చి ఉంచాలి. తర్వాత ఎవరైనా సర్దుదామన్నా అదే సైజు పెంకు దొరకడం ఇప్పుడు కష్టం. ఇంటి మీదికి వంగిన కొబ్బరిచెట్టు ఉంటే దింపువాళ్లను పిలిచి కాయలతో పాటు ఎండు మట్టలు కూడా దించేయమనండి. కోనసీమలో ఇది చెప్పనక్కర్లేదు కానీ, ఎండు మట్ట ఒక్కటి పడితే పోయే పెంకుల ఖరీదు దింపు కూలీ కంటే ఎక్కువ. రాయలసీమ మట్టి మిద్దెకు ఏటా చవుడు కొత్తగా పరవడం పాత ఆనవాయితీ. వాన ముందు దాన్ని ఒక్క ఏడు మానేసినా మిద్దె కారుతుంది. డాబా ఇల్లు కాబట్టి మాకు ఈ గొడవ లేదనుకునేవాళ్లు మేడ మీదికెక్కి నీళ్లు పోయే తూము చూడాలి. వేపాకులతో, పిచ్చుక గూటి గడ్డితో అది మూసుకుపోతే డాబా చెరువవుతుంది. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్కో మర్రి మొక్కో కనిపిస్తే తుంచి పారేసి ఊరుకోవద్దు. తుంచిన మొక్క వేరు నుంచి మళ్లీ లేస్తుంది, వేరు లావైతే గోడ చీలుతుంది. పగులు తవ్వి వేరుతో సహా తీయించి, ఆ చోటు పూడ్పించాలి.

ఇక్కడే కాలం సంగతి వస్తుంది. చాలామంది మరమ్మతులను ప్రయాణం ముందు వారానికి వాయిదా వేస్తారు. అది కుదరని పని. సిమెంటు పూత పెట్టాక కనీసం ఏడు రోజులు తడుపుతూ ఉండాలి, ఆ తర్వాత ఆరాలి. తడి గోడల మధ్య తలుపులు మూసి వెళ్తే బూజుకు చోటిచ్చినట్టే. పైగా డిసెంబరు, జనవరి నెలల్లో డెల్టా ఊళ్లలో దాళ్వా నాట్లు, మెట్టలో పంట నూర్పిళ్లు. కూలీలకు తీరిక ఉండదు. సంక్రాంతి వారంలో తాపీమేస్త్రీ, వడ్రంగీ కూడా మనలాగే పండగ చేసుకుంటారు. ఆ వారంలో వాళ్లు రాలేదని విసుక్కోవడం అన్యాయం. అందుకని ఇంటికి చేరిన మొదటి పదిరోజుల్లోనే వెళ్లేటప్పటి పనుల జాబితా రాసుకుని మేస్త్రీతో మాట్లాడాలి. తడి పనులు, అంటే పూతలు, బాత్రూం మరమ్మతులు, తూములు, డిసెంబరులోనే ముగించాలి. కొయ్య పని జనవరి చివరికి. చెదమందు, ఎలుకల సందులు మూయడం ఫిబ్రవరిలో. ఆఖరి మూడు రోజులకు మిగలవలసినవి సర్దుళ్లూ స్విచ్‌లూ తాళాలూ మాత్రమే.

సెలవుల మీద నాలుగు రోజులకు వచ్చే మాకు ఇదంతా ఎలా సాధ్యం అని ఉద్యోగస్థులైన పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాలుగు రోజులే ఉంటే పండక్కి రంగులు వేయించడం మానేయండి. గడపకు పసుపూ ముగ్గూ చాలు. ఆ డబ్బూ, ఆ మనిషీ కప్పు మీదికి, తూముల మీదికి వెళ్లాలి. అసలు పాత ఇళ్లకు మెరిసే రంగులు మంచివి కూడా కావు. సున్నంతో, మట్టితో కట్టిన గోడ తేమను లోపలికి తీసుకుంటుంది, మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద ఎనామిల్ పెయింటు పూసినా, సిమెంటు పూత పెట్టినా ఆ తేమ వెళ్లే దారి మూసుకుని పూత వెనకే పోగై, గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మన ముందు తరాలు ఏటా వెల్ల వేయించింది అందం కోసం మాత్రమే కాదు. వెల్ల వేసిన గోడకు గాలి ఆడుతుంది, అది చవక కూడా.

ఖాళీ ఇంటికి రెండో శత్రువు చెద. దాని తీరు అర్థమైతే ఏం చేయాలో దానికదే తెలుస్తుంది. చెద నేలలో ఉంటుంది, తేమ లేకుండా బతకలేదు. అందుకే గోడ మీద మట్టి గొట్టాలు కట్టుకుని, ఆ చీకట్లోనే కొయ్య దాకా నడుస్తుంది. మనుషులున్న ఇంట్లో ఆ గొట్టం ఒక జానెడు కట్టేలోపే ఎవరో చూస్తారు. ఖాళీ ఇంట్లో అది ద్వారబంధం ఎక్కి, దూలం దాకా వెళ్లి, మళ్లీ పుస్తకాల బీరువాలోకి దిగేంత సమయం దానికి చిక్కుతుంది. గొట్టాన్ని రాల్చినంత మాత్రాన చెద పోదు. రాణి నేలలో క్షేమంగా ఉంటుంది. తొలకరి పడ్డ సాయంత్రం దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు అలాంటి పుట్టలు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో చెప్పే సాక్షులు. కాబట్టి గొట్టం కనిపించిన చోట నేల అంచున రంధ్రాలు వేయించి చెదమందు ఎక్కించాలి. కట్టేసిన ఇళ్లకు ఈ పని ఎలా చేయాలో భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 6313 మూడో భాగంలో ఉంది. మేస్త్రీకి ఆ పేరు తెలియకపోయినా పర్వాలేదు, డబ్బా మీద రాసిన మోతాదు మాత్రం తప్పకూడదు. బావి దగ్గర, తాగేనీటి తొట్టి దగ్గర మందు పోయించవద్దు. మందుకు ముందు చేయవలసిన పైసా ఖర్చులేని పని ఇంకొకటి ఉంది: కొయ్యను గోడకూ నేలకూ దూరం చేయడం. మంచం, చెక్క బీరువా, పీటలు గోడకు జానెడు ఎడంగా జరిపి, కాళ్ల కింద రాతి ముక్కలు పెట్టండి. పుస్తకాలు, పాత దస్తావేజులు ఇనప బీరువాలోకి మార్చండి. పెరట్లోని పొయ్యి కట్టెలు గోడకు ఆనించి పేర్చి ఉంటే తీసేయండి. చెదకు నిచ్చెన అక్కడే దొరుకుతుంది, పాముకు చోటూ అక్కడే.

చెదతో పాటు చెమ్మ. కిటికీలన్నీ బిగించి వెళ్లాలనేది దొంగల భయంతో వచ్చిన అలవాటు. గాలి ఆడని గదిలో వానాకాలపు తేమ పరుపుల్లో, పట్టుచీరల్లో, దిండ్లలో దిగి బూజు కడుతుంది. కలరా ఉండలు పురుగును ఆపుతాయి గానీ చెమ్మను ఆపలేవు. కిటికీలు మూసినా, పైన ఉన్న గవాక్షాలకు సన్నని ఇనప జాలీ బిగించి తెరిచే ఉంచాలి. ఎదురెదురు గోడల్లో ఒక్కో గవాక్షం తెరిచి ఉన్నా గాలి ఆడుతుంది. జాలీ సన్నగా ఉండాలి, ఎందుకంటే చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. తలుపు కింది సందుకు రేకు పట్టీ కొట్టించండి, వంటింటి తూముకు జాలీ వేయండి. వచ్చే ఏడాది పనికొస్తుందని బియ్యం, పప్పు, బెల్లం డబ్బాల్లో వదిలి వెళ్లడం ఎలుకను అతిథిగా పిలవడమే. తిండి కోసం వచ్చిన ఎలుక తిండితో ఆగదు, కరెంటు తీగల తొడుగు కూడా కొరుకుతుంది. మిగిలిన సరుకంతా ఊళ్లో ఎవరికైనా ఇచ్చేయండి. ఇచ్చిన సరుకు గురించి మళ్లీ అడగవద్దు.

నీళ్ల దగ్గర రెండు మంచి సలహాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. దోమల కోసం మేడ మీద ట్యాంకు ఖాళీ చేసి వెళ్లమంటారు. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు ఈదురుగాలికి ఎగిరి పక్కింటి రేకుల మీద పడగలదు. అందుకని ట్యాంకు కడిగి, మూడో వంతు నీరు ఉంచి, మూత గట్టిగా బిగించి, పొర్లే గొట్టం మూతికి దోమల జాలీ కట్టి, మొత్తాన్ని తాళ్లతో పిట్టగోడకు కట్టడమే నా ఎంపిక. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున తొట్టి గోడకు అంటుకుని, నీరు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీరు తగిలితే వారం పదిరోజుల్లో దోమ లేస్తుంది. కాబట్టి బాత్రూం తొట్టి, కూలరు, రోలు, పెరట్లో పారేసిన కొబ్బరి చిప్పలు, పాత టైర్లు కడిగి బోర్లించాలి. లోపలి గోడను పీచుతో రుద్ది కడగాలి, నీళ్లు ఒలకబోస్తే సరిపోదు. మరుగుదొడ్డిలో ఇంకో సంగతి ఉంది. కింది వంపులో ఎప్పుడూ నిలిచి ఉండే కాసిని నీళ్లే సెప్టిక్ ట్యాంకు వాసననూ బొద్దింకలనూ ఇంట్లోకి రాకుండా ఆపుతున్నాయి. ఎండాకాలం ఆ నీళ్లు ఎండిపోతాయి. బయల్దేరే రోజున శుభ్రంగా నీళ్లు పోసి, పైన అరగ్లాసు వంటనూనె పోయండి. నీటి మీద నూనె పొర తేలి, ఎండడం బాగా నెమ్మదిస్తుంది. బాత్రూం నేల తూములోనూ ఇలాగే చేసి, పైన ప్లాస్టిక్ షీటు పరిచి ఇటుక పెట్టండి.

కరెంటు, గ్యాసు సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. మెయిన్ ఆపేయండి. ఆపే ముందు ఫ్రిజ్ మంచు కరిగించి, లోపల తుడిచి, తలుపు మధ్య గుడ్డ పెట్టి కొద్దిగా తెరిచి ఉంచండి. టీవీ, సెట్‌టాప్ బాక్సు తీగలు ప్లగ్గు నుంచి లాగేయండి, పిడుగుకు స్విచ్ ఆపడం చాలదు. ఇన్వర్టర్ బ్యాటరీ వాడకుండా ఎనిమిది నెలలు ఉంచితే దానంతటదే దిగిపోయి, లోపలి పలకలు పాడవుతాయి. దాన్ని ఊళ్లో మీకు కావలసినవాళ్ల ఇంటికి వాడుకోవడానికి ఇచ్చి వెళ్లడం ఉత్తమం. బోరు మోటారు కూడా నెలల తరబడి తిరగకపోతే పట్టేస్తుంది. నెలకోసారి పది నిమిషాలు ఎవరో ఒకరు వేయాలి. యూనిట్లు సున్నా అయినా బిల్లు వస్తుంది, కట్టకపోతే కనెక్షన్ పోతుంది. ఎక్కడున్నా ఫోనులోనే కట్టవచ్చు కాబట్టి దీనికి సాకు లేదు. గ్యాసు రెగ్యులేటరు తీసి, సిలిండరు మూతికి టోపీ పెట్టండి. రబ్బరు ట్యూబు ఐదేళ్లు దాటితే ఇప్పుడే మార్చేయండి. దీపం గురించి ఒక మాట. ప్రయాణం రోజున దేవుడి దగ్గర దీపం పెట్టకుండా ఎవరూ కదలరు, కదలమని చెప్పడం కూడా తప్పే. తెల్లవారుజామునే పెట్టి, దీపం కొండెక్కాక బయల్దేరితే ఆచారమూ నిలుస్తుంది, తాళం వేసిన ఇంట్లో నిప్పూ ఉండదు.

దొంగల భయం ఈ అధ్యాయంలో ఇంత ఆలస్యంగా రావడం కొందరికి వింతగా ఉండొచ్చు. బంగారం బ్యాంకు లాకరులో, అసలు దస్తావేజులు మీతోనో లాకరులోనో ఉంటే, పల్లెటూరి ఇంట్లో దొంగకు దొరికేది ఇత్తడి బిందెలూ గ్యాసు సిలిండరూ. అవి పోతే బాధే, కానీ మళ్లీ కొనుక్కోవచ్చు. నీరూ చెదా తీసుకెళ్లే దూలం మళ్లీ దొరకదు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల మీద కెమెరా నిఘా పెట్టే ఏర్పాటు తెచ్చారు. సొంతంగా కెమెరాలు పెట్టుకునేవారూ ఉన్నారు. ఒక కెమెరా పెడితే ఈ పనులన్నీ ఎందుకని వాళ్ల వాదన. కెమెరా కారుతున్న కప్పును చూపిస్తుంది, పెంకు సర్దదు. డల్లాస్‌లో అర్ధరాత్రి ఫోనులో నీళ్లు కారడం చూసి నిద్ర పాడుచేసుకోవడమే దానివల్ల లాభమైతే అది దండగ ఖర్చు. పైగా అది పనిచేయాలంటే కరెంటూ ఇంటర్నెట్టూ ఎనిమిది నెలలు ఆగకుండా ఉండాలి, అప్పుడు మెయిన్ ఆపే మాట ఉండదు. ఊళ్లో పనిచేసే మనిషి ఒకరుంటే కెమెరా ఉపయోగపడవచ్చు. మనిషి లేకపోతే దానికి విలువ లేదు. ఇంటికి బీమా ఉంటే కాగితం తీసి ఖాళీ ఇంటి షరతు చదవండి. అగ్నిప్రమాద పాలసీల్లో ఇల్లు 30 రోజులకు మించి ఖాళీగా ఉండేటట్టయితే ముందుగా కంపెనీ అంగీకారం తీసుకోవాలనే నిబంధన ఉండడం మామూలు.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఏడాదికి మూడు నెలల కోసం ఇంత శ్రమ అవసరమా, అమ్మేయకూడదా అని. కొందరికి అదే సరైన జవాబు. పిల్లలెవరూ తిరిగి రారని తేలిపోయి, పెద్దవాళ్లు కూడా వరసగా రెండు మూడేళ్లుగా రాలేకపోతుంటే, ఆ ఇంటిని నిలువునా కూలిపోయే దాకా ఉంచడం పూర్వీకుల మీద గౌరవం అనిపించుకోదు. ఎవరో ఒకరు కాపురం చేసుకునేటప్పుడే ఇచ్చేయడం మంచిది. ఏటా వస్తున్నవాళ్లకు మాత్రం నా సలహా అమ్మమని కాదు, ఒక వాటా అద్దెకివ్వమని. ఊరి బడికి బదిలీ మీద వచ్చిన టీచరు కుటుంబానికి వెనక వాటా నామమాత్రపు అద్దెకు ఇస్తే, పైన నేను చెప్పిన పనుల్లో ఎక్కువ భాగం వాటంతటవే జరిగిపోతాయి. వాళ్లు ఊడుస్తారు, దీపం పెడతారు, కారితే ఫోను చేస్తారు. అద్దెకిస్తే ఖాళీ చేయరేమోనన్న భయం ఉంటుంది. 11 నెలల కాగితం రాసుకోవడం ఆనవాయితీ, కానీ తెలుగు రాష్ట్రాల్లో ఏడాదికి మించని అద్దె ఒప్పందానికి కూడా రిజిస్ట్రేషను తప్పనిసరి. కాగితం రాసుకుని, సాక్షుల సంతకాలు పెట్టించి, రిజిస్టరు చేయించండి. అద్దె డబ్బు ముఖ్యం కాదు, మనిషి అలికిడి ముఖ్యం.

అద్దెకిచ్చే వీలు లేనివాళ్లకు మిగిలేది ఊళ్లో ఒక మనిషి. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు మాట ఇవ్వడంలో కాదు, మాట అడగడంలో ఉంది. ‘అప్పుడప్పుడు ఓ కన్నేసి ఉంచవే వదినా’ అని చెప్పి వెళ్తాం. ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో, ఏదైనా కనిపిస్తే ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియదు. మొహమాటానికి సరే అంటుంది. వానాకాలంలో గోడ కూలితే ఆమె చూడలేదని మనం, చెప్పి వెళ్లలేదని ఆమె, ఇద్దరమూ నొచ్చుకుంటాం. ఆమె ఏడాదిలో తన ఇల్లు ఎప్పుడు శుభ్రం చేసుకుంటుందో ఆ రోజులకే మీ ఇంటినీ ముడిపెట్టండి. ఉగాది ముందు ఒకసారి తలుపులు తీసి, గదులన్నీ ఊడ్చి, చెదమట్టి ఉందేమో చూడాలి. ఏరువాక ముందు డాబా తూములు, మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు లోపలి గోడల తడి. వినాయక చవితికి, దసరాకి మళ్లీ తలుపులు తీసి ఒక పూట గాలి ఆడనివ్వాలి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఒకసారి, తుపాను వెళ్లాక ఇంకోసారి చూడాలి. నెలకోసారి మోటారు, ఆ రోజే మరుగుదొడ్డిలో రెండు చెంబుల నీళ్లు. ఈ పనులన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, మెయిన్ బోర్డు పక్కన అంటించండి. కింద తాపీమేస్త్రీ, ఎలక్ట్రీషియను ఫోను నంబర్లు ఉండాలి. రెండో తాళంచెవి ఊళ్లోనే ఉండాలి, మీ హ్యాండ్‌బ్యాగులో కాదు. చుట్టరికాన్ని అడ్డం పెట్టుకుని ఈ పని ఊరికే చేయించుకోవద్దు. నెలకు ఇంత అని బయల్దేరే ముందే మాట్లాడుకోండి, మరమ్మతు వస్తే అడగకుండా ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చో కూడా చెప్పండి, మొదటి మూడు నెలలది చేతిలో పెట్టి కారెక్కండి.